ఏడుస్తూనే ఆనందించొచ్చా? శోధన వేళ క్రైస్తవ విశ్వాసం చెప్పే సంతోషం

మా చిన్నాయన చనిపోయాక, ఇంటివాళ్లను ఓదార్చడానికి సంఘం పెట్టిన ఆదరణ కూడిక రోజు సంగతి ఇది. చిత్తూరుకు దగ్గర్లోని మా పల్లెలో ఇంటి ముందు షామియానా వేశారు. అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీల్లో ముందు వరుసలో ఆయన భార్య, మా పిన్నమ్మ కూర్చుంది. పాట మొదలైంది. రెండో చరణం వచ్చేసరికి ఆమె భుజాలు అదరడం మొదలైంది. పక్కనున్న పెద్దావిడ ఆమె చేయి పట్టుకుని, ప్రేమగానే, "ఏడవొద్దు మ్మా. మనం విశ్వాసులం. నిరీక్షణ లేనోళ్ల మాదిరి ఏడిస్తే ఎట్ల? ప్రభువులో ఆనందించాల" అంది. పిన్నమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుంది. కూడిక ముగిసి, అందరూ భోజనాలు చేసి వెళ్లేదాకా ఆమె కంట్లో నీళ్లు కనబడలేదు. ఆ రాత్రి ఇల్లంతా పడుకున్నాక నేను నీళ్లకని లేచాను. పశువుల కొట్టంలో లైటు వెలుగుతోంది. పిన్నమ్మ ఆవు పక్కన గడ్డి మీద కూర్చుని, దాని మెడ మీద తల ఆనించి, గొంతు బయటికి రాకుండా ఏడుస్తోంది.

ఆ పెద్దావిడను తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. ఆమె కూడా ఎదిగిన కొడుకును పోగొట్టుకున్న తల్లే. ఆ రోజు తనకు ఎవరో చెప్పిన మాటనే ఇప్పుడు పిన్నమ్మకు అప్పజెప్పింది. మన సంఘాల్లో ఈ మాట అలా చేతులు మారుతూనే ఉంది. కష్టం వచ్చిన మనిషి ఒక బరువు మోస్తుంటే, దాని మీద ఇంకో బరువు పెడుతున్నాం. బాధపడటం ఒకటి, బాధపడుతున్నందుకు తప్పు చేసినట్టు అనిపించడం మరొకటి. నేను తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెబుతుంటాను. ఆ రాత్రి తర్వాత ఈ 'ఆనందం' అనే మాట నన్ను వదల్లేదు. బైబిలు నిజంగా ఏం అడుగుతోందో మొదటి నుంచి చదువుకుంటూ వచ్చాను.

మాటల దగ్గరే మొదటి చిక్కు

అందరూ ఎత్తి చూపే వాక్యం బైబిల్లోని యాకోబు పత్రిక (ఆయన తొలినాటి విశ్వాసులకు రాసిన ఉత్తరం) మొదటి అధ్యాయంలో ఉంది: "మీరు నానా విధములైన శోధనలలో పడునప్పుడు, అది మహానందమని యెంచుకొనుడి." చిన్నప్పుడు బట్టీ పట్టిన వాక్యం కాబట్టి అర్థమైపోయిందనుకుంటాం. కానీ మన చేతుల్లో ఉన్న బైబిలు పాత తెలుగుది. అందులోని కొన్ని మాటలు ఈ వందేళ్లలో అర్థం మార్చుకున్నాయి.

'ఎంచుకోవడం' అంటే ఇవాళ మనకు కోరి తీసుకోవడం. షాపులో చీర ఎంచుకుంటాం. అలా చదివితే, కష్టాన్ని ఆనందంగా కోరి తీసుకోమని యాకోబు చెబుతున్నట్టు వినబడుతుంది. పాత తెలుగులో 'ఎంచు' అంటే లెక్కపెట్టు, పరిగణించు. ఆ అర్థం పూర్తిగా పోలేదు. తప్పులెంచడం అంటున్నాం. మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ డబ్బులు 'ఎంచి' ఇస్తారు. గ్రీకు మూలంలో ఉన్న క్రియకు కూడా అర్థం అదే: ఆలోచించి, ఫలానాదిగా లెక్కలో వేసుకోవడం. 'ఆనందంగా ఫీలవ్వండి' అని ఆ వాక్యం అనడం లేదు. మనసుకు పట్టే భావాన్ని ఎవరూ ఆజ్ఞాపించలేరు. లెక్క వేయమని చెప్పొచ్చు. కన్నీళ్లు తుడుచుకుంటూ కూడా లెక్క వేయొచ్చు.

'శోధన' కూడా అంతే. బయట శోధన అంటే వెతకడం, పరిశోధన. బైబిల్లో అది ఒకచోట కష్టం, పరీక్ష. ఇంకోచోట పాపానికి లాగే ప్రేరేపణ. గ్రీకులో రెండింటికీ ఒకే మాట ఉంది, 'పెయిరాస్మోస్'. అందుకే యాకోబు అదే అధ్యాయంలో కొంచెం కిందికి వచ్చి, దేవుడు ఎవరినీ కీడుకు శోధించడని విడిగా చెప్పాల్సి వచ్చింది. ఈ తేడా పట్టించుకోకపోతే, జబ్బు చేసిన మనిషిని చూసి 'ఏదో శోధనలో పడిపోయాడు' అని, తప్పు చేసినవాడిని చూసినట్టు చూస్తాం.

'శ్రమ' అంటే మనకు కష్టపడి పనిచేయడం, బైబిల్లో నలిగిపోవడం. ఇక 'నిరీక్షణ'. బయట తెలుగులో అది ఎదురుచూపు. బస్టాండులో చేసేది నిరీక్షణ. బైబిల్లో అది ఆశాభావం. మిగతా మాటల్లో అర్థం మారడం వల్ల నష్టమే జరిగింది గానీ, ఈ ఒక్క మాటలో మాత్రం లాభం కలిగిందని నాకు అనిపిస్తుంది. క్రైస్తవ ఆశాభావంలో నిజంగానే ఎదురుచూపు ఉంది. ఇంకా రాని బస్సు కోసం, అది వస్తుందన్న నమ్మకంతో నిలబడటం ఉంది. కాళ్లు నొప్పి పుట్టడం కూడా ఉంది.

ఆ పెద్దావిడ చెప్పిన 'నిరీక్షణ లేనోళ్ల మాదిరి' అన్న మాట పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలోది. నిరీక్షణ లేని ఇతరులలాగా దుఃఖపడకండి అన్నాడు. దుఃఖపడకండి అని అక్కడ ఆపలేదు. ఏడుపులో తేడా ఉంటుందని చెప్పాడంతే. ఏడుపే ఉండకూడదని పౌలు ఎక్కడా చెప్పలేదు.

గీటురాయి మీద గీత

యాకోబు ఆ వాక్యంలోనే కారణం కూడా చెబుతాడు. విశ్వాసానికి కలిగే పరీక్ష ఓర్పును పుట్టిస్తుందని తెలుసుకుని ఆ లెక్క వేయమంటాడు. అక్కడ 'పరీక్ష' అన్నచోట గ్రీకులో ఉన్నది 'దొకీమియోన్', సరుకు అసలుదా కాదా అని తేల్చుకునే మాట. పేతురు తన మొదటి పత్రికలో ఇదే మాట వాడి, పక్కనే నిప్పులో శుద్ధయ్యే బంగారాన్ని తెచ్చి పెట్టాడు.

ఈ మాట నాకు పుస్తకంలో కంటే ముందు ఒక బ్యాంకులో అర్థమైంది. చిన్నాయనకు కిడ్నీలు పాడయ్యాయని వేలూరులో తేల్చాక డయాలసిస్ మొదలైంది. డబ్బు సరిపోలేదు. పిన్నమ్మ పెళ్లినాటి గాజులు నాలుగు, పసుపు గుడ్డలో మూట కట్టుకుని, తాకట్టు పెట్టడానికి నన్ను వెంటబెట్టుకు వెళ్లింది. బంగారం నాణ్యత చూసే అప్రైజర్ గాజును చేతిలోకి తీసుకుని నల్లటి గీటురాయి మీద ఒక్క గీత గీశాడు. రాయి మీద పచ్చటి చార పడింది. చిన్న సీసాలోంచి యాసిడ్ చుక్క ఆ చార మీద వేశాడు. నాసిరకం లోహమైతే ఆ చార కరిగి పోతుంది, బంగారమైతే నిలుస్తుంది. పిన్నమ్మ ఊపిరి బిగబట్టి ఆ రాయినే చూస్తోంది. చార నిలిచింది. "మంచి బంగారం మ్మా, ఎందుకు భయపడతావు?" అన్నాడాయన.

ఆ రోజు నేను గమనించినవి రెండున్నాయి. ఆ యాసిడ్ చుక్క గాజును బంగారంగా మార్చలేదు, ముందు నుంచీ ఉన్నదాన్ని బయటపెట్టింది. దేవుడు మనల్ని పరీక్షిస్తాడంటే ఆయనకు తెలియక చూస్తున్నాడని కాదు, మనలో ఏముందో మనకే తెలియాలని అని బోధకులు చెప్పే మాట అప్పుడు మనసుకెక్కింది. రెండోది ఎవరూ చెప్పగా వినలేదు. రాయి మీద మిగిలిన ఆ చార గాజు నుంచే రాలింది. కంటికి కనబడనంత కొంచెమే కావచ్చు, కానీ గాజు అరిగింది. పరీక్ష ఊరికే జరగదు, మనిషిలోంచి కొంత తీసుకుంటుంది. "శోధన వల్ల అంతా మేలే" అని తేలిగ్గా చెప్పేవాళ్లు ఈ అరుగుదలను లెక్కలోకి తీసుకోరు. బైబిలు తీసుకుంటుంది. పేతురు ఒకే వాక్యంలో, ఒకే మనుషుల గురించి, మీరు ఆనందిస్తున్నారు, నానా శోధనల వల్ల మీకు దుఃఖం కూడా కలుగుతోంది అని రాశాడు. ముందు దుఃఖం, అది పోయాక ఆనందం అని వరస పెట్టలేదు. రెండూ ఒకే మనిషిలో, ఒకే వేళ.

ఆ పరీక్ష పుట్టించే 'ఓర్పు'కు గ్రీకులో 'హుపొమొనే' అంటారు. బరువు కింద ఉండిపోవడం, పారిపోకుండా నిలబడటం అని దాని లోపలి అర్థం. దీనికి మన ఉమ్మడి జిల్లాలోనే ఒక గుర్తు ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలోని క్షయ ఆసుపత్రి 1912లో మొదలైన సంస్థ. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ వచ్చేదాకా క్షయకు సరైన మందే లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతే వైద్యం. అలాంటి చోట్ల రోగులు నెలల తరబడి పడుకునే ఉండేవారు. లేచి ఏదో ఒకటి చేసేయాలని ఉండే మనిషికి అలా ఉండిపోవడమే పెద్ద పని. ఓర్పు అంటే ఏమీ చేయకపోవడం అనుకునేవాళ్లు అలాంటి మంచం మీద ఒక్క వారం పడుకుని చూడాలి.

ఏడ్చినవాళ్లంతా అవిశ్వాసులా?

యేసు తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు. ఇంకాసేపట్లో అతణ్ణి లేపుతానని తెలిసి కూడా ఏడ్చాడు. నాకు ఈ సంగతి చాలా పెద్దదిగా కనబడుతుంది. ముగింపు తెలిసినంత మాత్రాన మధ్యలోని బాధ అబద్ధమైపోదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో తన ప్రాణం మరణమయ్యేంతగా దుఃఖంలో మునిగిందని శిష్యులతో చెప్పుకున్నాడు. అదే యేసు గురించి హెబ్రీ పత్రిక, తన ఎదుట ఉంచబడిన ఆనందం కోసం సిలువను సహించాడని రాస్తుంది. ఆ ఆనందం ఎదుట ఉంది. సిలువ మీద ఉన్న క్షణంలో అది చేతికి అందలేదు. అక్కడ వినబడింది నన్నెందుకు చెయ్యి విడిచావన్న కేక. అదీ ఇరవై రెండో కీర్తన మొదటి మాటే.

కీర్తనల గ్రంథం తెరిస్తే ఇలాంటి మొర పాటలు ఎన్నో ఉన్నాయి. ఎంతకాలం, ఎందుకు, ఎక్కడున్నావు అని నిలదీసే పాటలు. చాలావాటిలో చివరికి స్తుతి వస్తుంది. ఎనభై ఎనిమిదో కీర్తనలో అదీ రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. చావింట్లో బంధువులంతా వెళ్లిపోయాక మిగిలే చీకటి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ తెలుగు మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటి పాటను కూడా దేవుని వాక్యంలో ఉంచారు. ఆ చీకటిని కూడా దేవుడితోనే చెప్పుకుంటున్నాడు కాబట్టి అది ప్రార్థనే.

యాకోబు అయితే తన పత్రిక చివర్లో చిక్కు మొత్తం విప్పేశాడు. మీలో ఎవరికైనా శ్రమ కలిగిందా, అతడు ప్రార్థన చేయాలి. ఎవరికైనా సంతోషం కలిగిందా, అతడు కీర్తనలు పాడాలి అన్నాడు. మహానందమని ఎంచుకోమన్న ఆ యాకోబే, శ్రమలో ఉన్నవాణ్ణి పాట పాడమని బలవంతం చేయలేదు. ఇద్దరికీ వేర్వేరు పనులు చెప్పాడు. మన కూడికల్లో మాత్రం ఇద్దరి చేతా ఒకే పాటకు చప్పట్లు కొట్టిస్తున్నాం.

పూత రాలిన ఏడు

అలాగైతే ఆనందం అనేది ఎక్కడ ఉంటుంది? దీనికి నాకు దొరికిన జవాబుల్లో గట్టిది హబక్కూకు ప్రవక్త రాసిన పుస్తకం మూడో అధ్యాయం. అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా, ఒలీవలు కాయకపోయినా, చేలో పైరు పంటకు రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు లేకపోయినా, నేను యెహోవా యందు ఆనందిస్తాను అంటాడు.

పట్నంలో చదివితే ఇది అందమైన కవిత్వం. మా జిల్లాలో చదివితే ఇది ఇంటి లెక్క. మామిడి పూత రాలడం అంటే ఏమిటో, ఆడపిల్ల పెళ్లి ఏడాది వాయిదా పడటం ఏమిటో ఇక్కడ అందరికీ తెలుసు. 2025 వేసవిలో తోతాపురికి ధర పడిపోయి, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు వచ్చేలా చూస్తామని అప్పుడు ప్రకటించాల్సి వచ్చింది. కాయ కాసినా కష్టమే వచ్చిన ఏడు అది. ఇంటికి నాలుగు పాల డబ్బులు తెచ్చే ఆవు కూడా పోతే, హబక్కూకు చెప్పిన జాబితా ఆఖరి వరస దాకా పూర్తయినట్టే.

ఆ వాక్యాలకు ముందు వాక్యం మనం చదవం. పెదవులు వణుకుతున్నాయని, ఎముకలు కుళ్లిపోతున్నట్టుందని, కాళ్లు నిలవడం లేదని అక్కడ ఉంది. పుస్తకం మొదలైందే, నేను మొరపెడుతుంటే ఎన్నాళ్లు వినకుండా ఉంటావని దేవుణ్ణి నిలదీయడంతో. అలా వణికిన పెదవులే ఆనందిస్తానన్నాయి. ఆయన మాటలో 'కాబట్టి' లేదు. పంట పోయింది కాబట్టి ఆనందిస్తున్నానని అనలేదు. పోయినదాన్ని పోయిందనే ఒక్కొక్కటిగా, ఆరు వరసల్లో, పేరు పెట్టి చెప్పాడు. ఆ తర్వాత 'అయినా' అన్నాడు. పంట పోవడం మంచిదని ఆయన నమ్మలేదు. పంటతో పాటు పోనిది ఒకటుందని నమ్మాడు. క్రైస్తవ విశ్వాసంలో ఆ పోనిది ఒక సిద్ధాంతం కాదు, ఒక మనిషి. చనిపోయి లేచిన యేసు. ఆయన తోడు ఉన్నాడన్నదే ఆ ఆనందానికి ఆధారం. కష్టం మీద ఆధారపడిన ఆనందం కాదు గనుకే కష్టం దాన్ని పూర్తిగా తీసేయలేదు. కనబడకుండా చేయగలదు, అది వేరే సంగతి.

చెరసాలకు వెళ్లిన క్యారేజీ

పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగే అధ్యాయాలు. ఆ కొంచెంలో ఆనందం, ఆనందించడం అన్న మాటలు గ్రీకులో పదహారు సార్లు వస్తాయి. రాసినప్పుడు ఆయన సంకెళ్లలో ఉన్నాడు. ప్రసంగాల్లో ఇంతవరకే చెబుతారు: చూడండి, జైల్లో కూడా ఆనందించాడు!

ఆ కాలపు రోమా చెరసాలలో ఖైదీకి తిండి, బట్ట బయటివాళ్లే చూసుకోవాల్సి వచ్చేది. మన పెద్దాసుపత్రుల్లో రోగికి ఇంటి నుంచి క్యారేజీ వచ్చినట్టు. ఫిలిప్పీ సంఘం డబ్బు, సామాను కట్టి ఎపఫ్రొదితు అనే మనిషి చేతికిచ్చి పంపింది. అతను వచ్చి, జబ్బుపడి, చావు దాకా వెళ్లి బతికాడు. అతను చనిపోయుంటే నాకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని పౌలు దాచకుండా రాశాడు. ఎల్లప్పుడూ ఆనందించమన్న ఉత్తరంలోనే ఆ మాటా ఉంది. నన్ను గురించి మీరు మళ్లీ తలుచుకున్నందుకు చాలా సంతోషించానని కూడా రాశాడు. ఆయన ఆనందంలో ఒక క్యారేజీ ఉంది, దాన్ని మోసుకొచ్చిన మనిషి ఉన్నాడు.

తెలుగు బైబిల్లో 'ఆనందించుడి', 'యెంచుకొనుడి' అని ఉంటుంది. ఆ చివరి 'డి' చాలామందితో ఒకేసారి చెప్పే మాటకు గుర్తు. వాక్యాన్ని ఫోన్ స్టేటస్‌గా పెట్టుకుని ఒంటరిగా చదివేసరికి అది 'నువ్వు ఒక్కడివే ఆనందించు' అయిపోతుంది. యాకోబు చెప్పింది చెదిరిపోయి, ఊరు కాని ఊళ్లో బతుకుతున్న ఒక గుంపుకు. ఒకరికి శక్తి లేని రోజు ఆ లెక్కను పక్కవాళ్లు వేయాలి. ఏడ్చేవారితో ఏడవమని పౌలు రోమీయులకు రాసింది కూడా అందుకే.

మా చిన్నాయన వేలూరులో ఉన్న రోజుల్లో పిన్నమ్మకు ఎక్కువసార్లు క్యారేజీ పంపింది మా సంఘంవాళ్లు కూడా కాదు, ఎదురింటి అక్క. ఏటా అలిపిరి మెట్లెక్కి మొక్కు తీర్చుకునే మనిషి. సంగటి, ఊరుబిండి కట్టి, తెల్లవారి చిత్తూరులో వేలూరు బస్సెక్కే ఎవరో ఒకరి చేతికిచ్చేది. దేవుడు కాకుల చేత ఏలీయా ప్రవక్తకు రొట్టె పంపాడని పిల్లలకు పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఆ అక్క గుర్తొస్తుంది. ఆయన ఎవరి చేత పంపాలో మనం నిర్ణయించలేం.

దేన్ని ఆనందం అనకూడదు

కష్టం రాగానే 'ఎక్కడో పాపం ఉంది, ఒప్పుకో' అనేవాళ్లున్నారు. బైబిల్లో తప్పు లేకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబుకు స్నేహితులు చేసిందీ అదే. వాళ్లు చేసిన మంచి పని ఒకటుంది. వచ్చిన మొదట్లో ఏడు రోజులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడిపోయింది. చివరికి దేవుడే వాళ్లు సరిగా మాట్లాడలేదన్నాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదన్నాడు యేసు.

అన్యాయాన్ని భరించడానికి కూడా ఈ వాక్యాన్ని వాడుతుంటారు. తాగి కొట్టే మొగుడి ఇంట్లో ఆడమనిషికి 'ఇది నీ సిలువ, సంతోషంగా మోయి' అని చెప్పడం నేను విన్నాను. అది వాక్యం మీద చేసే నేరం. ఇదే యాకోబు ఐదో అధ్యాయంలో, చేలు కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందని, ఆ కేకలు దేవుని చెవిలో పడ్డాయని ఆసాములను గద్దించాడు. కూలోళ్లను ఆనందించి ఊరుకోమనలేదు. మా వాళ్లంతా వైద్యానికి పరుగెత్తే వేలూరు ఆసుపత్రి పుట్టుకలో కూడా ఈ పాఠం ఉంది. ఆడ డాక్టర్లు లేని కాలంలో, ఒకే రాత్రి ముగ్గురు కాన్పు కష్టమై సాయం అందక చనిపోతే, ఐడా స్కడర్ అనే అమ్మాయి దాన్ని దేవుని చిత్తమని సర్దుకోలేదు. వెళ్లి వైద్యం చదువుకుని వచ్చింది. 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టింది.

మరొకటి, అన్నిటికంటే తొందరగా చెప్పాల్సింది. దిగులు జబ్బుగా మారిన మనిషికి ఆనందించమని వాక్యం చూపించడం వల్ల మేలు జరగదు. ఏలీయా ప్రవక్త ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు ప్రసంగం చేయలేదు. దూత చేత రొట్టె, నీళ్లు పెట్టించాడు. నిద్రపోనిచ్చాడు. లేపి మళ్లీ తినిపించాడు. నీ శక్తికి మించిన ప్రయాణం ఇది అని ఒప్పుకున్నాడు. నిద్ర, తిండి పోయి, బతకాలని లేదంటున్న మనిషి మన పక్కన ఉంటే ప్రార్థన చేద్దాం, డాక్టరు దగ్గరికీ తీసుకుపోదాం. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గదు.

పాల లెక్క పుస్తకం

చిన్నాయన పోయిన మూడో నెలలో పల్లెకు వెళ్లాను. పాల కేంద్రంలో ఏదో లెక్క తేడా వచ్చిందని పిన్నమ్మ తన పుస్తకం ఇచ్చి చూడమంది. ముందు వైపు పొద్దున, సాయంత్రం ఎన్ని లీటర్లు పోసిందో, ఫ్యాట్ ఎంతో రాసుకుంది. తిప్పుతుంటే పుస్తకం వెనక వైపు నుంచి కూడా ఏదో రాసి ఉంది. వేలూరు రోజుల నుంచి మొదలైంది. ఆమె ఐదో తరగతి దాకా చదువుకుంది. అక్షరాలు పెద్దవిగా, వంకరగా ఉన్నాయి.

"బేస్తవారం. ఈరోజు 4 గంటలు నిద్రపోయినాడు." "ఎదురింటి పాప సంగటి పంపింది. రెండు ముద్దలు తిన్నాడు." "సూది గుచ్చిన నర్సమ్మ నవ్వతా మాట్లాడింది." "ఈరోజు ఏమీ లేదు." మళ్లీ రెండు రోజుల తర్వాత, "గాజులు పెట్టినాను. మంచి బంగారం అన్నాడు."

అవి ఏమిటని అడిగాను. "ఊరికే నాయనా. పోయినవాటికి లెక్క పెట్టుకుంటా కూచుంటే పిచ్చెక్కేది. దేవుడు ఆ పొద్దు ఏమిచ్చినాడో ఒకటన్నా రాస్తే నిద్ర పట్టేది. లేని పొద్దు లేదనే రాస్తి. ఆయనకు తెలీదా ఏంది?" అంది.

ఎంచుకొనుడి అన్న మాటకు అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను ఎక్కడా చదవలేదు. కూడిక జరిగిన రోజు పేజీ కోసం వెతికాను. ఏమీ రాయలేదు. మరుసటి రోజుది ఉంది. "రాత్రి బాగా ఏడ్చినాను. ఆవు కదలకుండా నిలబడింది. పొద్దున 6 లీటర్లు."

లెక్కలో తేడా దొరికింది. ఒక పూట ఫ్యాట్ తప్పు ఎక్కించారు. మరునాడు పిన్నమ్మ ఆ పుస్తకం పట్టుకుని, పాల క్యాను తలకెత్తుకుని, కేంద్రానికి బయలుదేరింది. సరిచేసేదాకా కదలనని ముందే చెప్పింది.